కృపక్క విన్న బండ్లు

మా బావ సాంసన్‌కు చెవులు సరిగా వినిపించవన్న సంగతి బయటికి పొక్కకూడదని మా అక్క కృప చాలాకాలం కష్టపడింది. మెకానిక్‌కు కళ్ళద్దాలు వస్తే ఎవరూ పట్టించుకోరు. చెవులు పోయాయంటే మాత్రం బండి తీసుకొని రారు. డీజిల్ ఇంజన్ జబ్బు సగం దాని చప్పుడులోనే ఉంటుంది.

మిర్యాలగూడలో హాలియా పోయే రోడ్డు మీద, రెండు రైసు మిల్లుల నడుమ వాళ్ళ రేకుల షెడ్డు. షెడ్డు పెట్టకముందు బావ పక్క మిల్లులోనే జనరేటర్ గదిలో పనిచేశాడు. పొద్దంతా ఆ మోతలోనే ఉండేవాడు. చెవుల్లో దూది పెట్టుకొమ్మని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా పెట్టుకునే మనిషి కాదు. ముందుగా సన్నని చప్పుళ్ళు పోయాయి. పిట్టల అరుపులు, ఫోను మోత, కుక్కర్ ఈల. ఆ తరువాత ఆడవాళ్ళ గొంతులు.

"అందరికంటె ముందు నా గొంతే పోయింది ఈయనకు. అదృష్టవంతుడు" అని అక్క నవ్వేది.

అక్క కూడా పెళ్ళికి ముందు నుంచీ మిల్లు పనికి పోయిన మనిషే. వడ్లు ఆరబోసేది, మిషన్ల కింద ఊడ్చేది. మిల్లు నడుస్తున్నప్పుడు లోపల ఒకరి గొంతు ఒకరికి వినపడదు. దుమ్ముకు తట్టుకోలేక ఆడవాళ్ళందరూ ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టుకుంటారు కాబట్టి పెదవులు కూడా కనపడవు. అందుకని అక్కడ మాటలన్నీ చేతులతోనే. మీసం మెలేసినట్టు చూపిస్తే సేటు వస్తున్నాడని అర్థం. బొటనవేలు గొంతు దగ్గర పెడితే చాయ్. అరచేతిని బోర్లించి ఊపితే జల్లెడ నిండిందని. ఎవరి మొగుడు తాగి వచ్చాడో, ఎవరి బిడ్డ పదో తరగతి పాసయిందో కూడా ఆ చేతులతోనే చెప్పుకునేవాళ్ళు. మా అక్క చేతులతో చాడీలు చెప్పడంలో మిల్లు మొత్తానికి పేరున్న మనిషి.

షెడ్డులో ఆ విద్యే అక్కరకొచ్చింది. బండి వచ్చేది. డ్రైవర్ దిగి ఏదో చెప్పేవాడు. అక్క ఆ డ్రైవర్ వెనక వైపున చాట ముందు పెట్టుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు కూర్చొని, విన్నదంతా చేతులతో బావకు చేరవేసేది. బావ తలూపి, తానే విన్నట్టు జవాబు చెప్పేవాడు. నేను కోదాడ బడిలో తెలుగు పంతులుగా చేరిన కొత్తలో సెలవులకు అక్క ఇంటికి పోతే, వీళ్ళ చేతుల ఊపులు చూసి, పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ మొగుడూ పెళ్ళాల సరసం తగ్గలేదే అనుకున్నాను. అక్కను అడిగితే పడిపడి నవ్వింది.

"ప్రభుదాసూ, నువ్వు పద్యాలు సదివి సదివి పాడైనవ్ రా. డీజిల్ పంపు పోయిందని చెప్తున్న ఆయనకు" అంది.

కానీ చేతులతో చెప్పగలిగేది మనిషి మాటలే. ఇంజన్ మాటలు చెప్పడం రాదు. ఒక కోతల కాలంలో వడ్ల లారీ ఒకటి లోపల టకటకమని కొట్టుకుంటుంటే బావకు వినపడలేదు. అక్క ఆ పూట ప్రార్థన కూడికకు పోయింది. ఆయిల్ మార్చి, బండి బాగుందని పంపేశాడు. అది వాడపల్లి దాకా పోయి, వంతెన దాటకముందే ఇంజన్ పట్టేసి ఆగిపోయింది. లారీ ఓనర్ షెడ్డు ముందుకు వచ్చి అన్న మాటలు అదృష్టం కొద్దీ బావకు వినపడలేదు. ఆ ఓనర్ ముఖం మాత్రం కనపడింది.

ఆ రాత్రి బావ అన్నం తినలేదు. తెల్లవారి అక్కతో, షెడ్డు మూసేస్తానన్నాడు. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన చిన్నాన్న కొడుకు ఉన్నాడు. వాచ్‌మెన్‌గా పెట్టిస్తానన్నాడట.

అక్కకు ఆ మాట మింగుడుపడలేదు. ఫోన్‌లో నా మీద విరుచుకుపడింది.

"వాచ్‌మెన్ అంట! దొంగలొస్తే ఈయనకేం ఇనవడ్తది? గోడ దునికేముందు దొంగ చెయ్యి ఊపి చెప్తడా?"

"బావ భయపడ్డడు అక్కా. కొన్నాళ్ళు పోనీ" అన్నాను.

"ఎక్కడికి పోనియ్యాలె? చేతికి గ్రీజు అంటకపోతే ఆ మనిషికి నిద్ర పట్టదు. ఖాళీ కుర్చీల కూసుంటే ఎన్నాళ్ళు బతుకుతడు? నువ్వు వచ్చి చెప్పు. నా మాట ఇనడు. ఇనవడదు కూడా."

నేను పోదామనుకుంటుండగానే బావ దగ్గర నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. సూర్యాపేటలో ఫలానా పాత సామాన్ల దుకాణంలో ఒక టర్బో తీసిపెట్టమన్నాను, వస్తూ వస్తూ పట్టుకురా, ఇదే ఆఖరి పని అని.

ఆ ఆఖరి పని హర్యాది. హాలియా అవతల తండా మనిషి. పాత ఏడు సీట్ల డీజిల్ కారు ఒకటి కొనుక్కొని, చుట్టుపక్కల ఊళ్ళలో కిడ్నీలు చెడిపోయినవాళ్ళను పొద్దున్నే మిర్యాలగూడకు డయాలసిస్‌కు తెచ్చి, అయిపోయాక ఇళ్ళ దగ్గర దింపేవాడు. అలసిపోయిన వాళ్ళను బస్సులో ఎక్కించలేరు గనుక ఇళ్ళవాళ్ళు హర్యా కారునే నమ్ముకున్నారు. ఆ కారు ఇప్పుడు పొద్దున స్టార్టు కాదు. సెల్ఫ్ కొట్టి కొట్టి, ఎట్లనో స్టార్టయితే వెనక నల్లటి పొగ. ఎక్సలేటర్ తొక్కితే ముందుకు పోయే బదులు ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. సాగర్ కాలువ వంతెన ఎక్కలేక, సీటులో ముసలి రోగిని పెట్టుకొని వెనక్కి జారిందట ఒకసారి.

నేను కోదాడ నుంచి సూర్యాపేట పోయి, దుకాణంవాడు గోనెసంచిలో చుట్టి ఇచ్చిన టర్బోను ఒళ్ళో పెట్టుకొని మిర్యాలగూడ బస్సెక్కాను. టర్బో అంటే నత్తగుల్ల ఆకారంలో ఉండే ఇనుప సామాను. చూడటానికి చిన్నదే కాని తొడలు పడిపోయేంత బరువు.

కండక్టర్ సంచిలోకి తొంగి చూసి, "ఏంది సారూ, మిక్సీ రిపేరుకా?" అన్నాడు.

"కాదు, కారుది."

"పంతుల్లు గూడ పార్టులు అమ్ముకుంటున్నరా ఇగ" అని పక్క సీటు ఆయనతో అని, నవ్వుకుంటూ ముందుకు పోయాడు.

నేను షెడ్డు చేరేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. చలికాలం. పక్క మిల్లు గొట్టంలోంచి వచ్చిన దుమ్ము మంచుకు తడిసి, షెడ్డు రేకుల మీద, మునగాకు మీద గోధుమరంగు పూతలా అంటుకొని ఉంది. హర్యా స్టూలు మీద కూర్చొని నేల చూపులు చూస్తున్నాడు. బావ నా చేతిలో సంచి చూసి, నన్ను చూడనే లేదు.

"తెచ్చినవా బామ్మర్ది! ఇటు దే."

"బావను సూసి సంతోషపడ్డవ్ కానీ, ఆయన సూసింది ఇనుమును" అంది అక్క, నాకు చెంబుతో నీళ్ళిస్తూ. ఇచ్చి, సంచి తనే తీసుకొని తన స్టూలు కింద పెట్టుకుంది. "ముందు చాయ్ తాగుండ్రి. దీన్ని బిగిస్తే ఇగ మాటలుండయ్."

బావ చాయ్ గ్లాసు పట్టుకొని జబ్బు ఏమిటో నాకు చెప్పాడు. చెప్పడం ఆయనకు ఇష్టం. "ఇంజన్ బయటికి ఇడిసే పొగ ఉంటది గదా, ఆ పొగ ఊపుకు టర్బోల ఒక చక్రం తిరుగుతది. దానికి కట్టిన ఇంకో చక్రం బయటి గాలిని గుంజి ఇంజన్లకు దబాయించి కొడ్తది. గాలి ఎంత పోతే బండికి అంత బలం. స్కానర్ పెట్టి సూసిన. గాలి బలం తక్కువున్నదని సూపెట్టింది. ఎందుకు తక్కువున్నదో అది చెప్పదు, మనమే సూడాలె. పైపులు సూసిన, ఎక్కడ చిరగలే. గాలి ఫిల్టర్ సూసిన, కొత్త పెండ్లికొడుకు లెక్క తెల్లగుంది. టర్బో నుంచి పోయే పైపు ఇప్పితే లోపల అంత ఇంజన్ ఆయిల్. టర్బో సీలు పోయి ఆయిల్ ఇడుస్తుంది. ఖతం. ఇంకేం సూడాలె?"

అంతా సరిగ్గానే ఉన్నట్టు తోచింది నాకు. హర్యా మాత్రం, "ఆ టర్బోకు అంత పైసలు పెడితే నేను ఇగ కారు నడుపుడు బంద్ అన్నా. అమ్ముకోవాల్సిందే" అన్నాడు మెల్లగా. బావకు అది వినపడలేదు. అక్క కూడా ఈసారి చేతులతో చెప్పలేదు.

అక్క లేచింది. చీర కొంగు నడుముకు దోపుకుంది.

"హర్యా, జర సెల్ఫ్ కొట్టు."

చాలాసేపు కొట్టాక కారు దగ్గుతూ స్టార్టయింది. వెనక నల్లపొగ ముద్దలుగా వచ్చింది. అక్క బానెట్ కింద వంగి, బావ పొడుగు స్క్రూడ్రైవర్ కొస టర్బో చిప్ప మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంది. బావ ఆ పని ఎప్పుడో మానేశాడు. పిల్లలు గోడకు చెవి పెట్టినట్టు అక్క కళ్ళు మూసుకుంది. తరువాత స్క్రూడ్రైవర్ తీసేసి, అటు ఇటు తల తిప్పి, కారు ముందు వైపు ఎడమ దీపం దగ్గరికి పోయి నిలబడింది.

"జర రేస్ ఇయ్యి... ఇంక జర... ఇగ ఆపు."

ఆపింది. బావ వైపు తిరిగింది. చేతులు లేపలేదు. నోటితోనే అంది.

"టర్బో బాగనే ఉందయ్యా. ఈల సాఫుగుంది, గీరుకునుడు లేదు. దానికి ఊపిరి అందుతలేదు."

బావ ఆమె పెదవులు చూస్తూ, "ఏంది?" అన్నాడు.

"ఊపిరి! ముక్కూ మూతీ కట్టుకొని పాట పాడితే ఎట్లుంటది? గట్లుంది. లోపల గొంతు ఉంది, బయటికొస్తలేదు. వడ్లు ఆరబోసే కాడ అట్ల ఎంతమంది పాడంగ ఇనలే నేను!"

"ఫిల్టర్ తెల్లగున్నదని చెప్తున్న గద. పైపు నిండ ఆయిల్ ఉంది గద. నీకేం ఎరుక?" బావ గొంతు పెరిగింది. తన గొంతు ఎంత పెరిగిందో ఆయనకు తెలియదు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. "బండి రిపేరు చేసేది నువ్వా నేనా?"

అక్క ముఖం ఎర్రబడింది. హర్యా ముందు, నా ముందు, ఇన్నేళ్ళు కాపాడిన మాటను నోరు జారి అనేసింది.

"చేసేది నువ్వే. కానీ నీకు ఇనవడ్తలేదు. నాకు ఇనవడ్తుంది."

అనేశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావకు ఆ మాట పూర్తిగా అందింది. చేతిలో స్పానర్‌ను మెల్లగా బల్ల మీద పెట్టాడు. హర్యా వైపు చూడలేక, పక్కకు తిరిగి చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మా బావ అంత చిన్నగా కనిపించడం నేను అదే మొదటిసారి చూడటం.

హర్యా స్టూలు మీద నుంచి లేచాడు. బావ ఎదురుగా, ముఖం కనపడేలా నిలబడ్డాడు.

"సాంసన్ అన్నా. నీకు ఇనవడదని హాలియా రోడ్డు మీద అందరికీ ఎరికే."

బావ తలెత్తాడు.

"ఏమెరిక?"

"అక్క మా ఈపు ఎనక చేతులు తిప్పుతుంటే మాకు కనవడదా అన్నా? ఎదురుగ అంత పెద్ద అద్దం పెట్టిండ్రి కద మీరే." హర్యా షెడ్డు గోడకు చూపించాడు. లారీ నుంచి తీసిన పక్క అద్దం ఒకటి అక్కడ మేకుకు వేలాడుతోంది. బావ పొద్దున గడ్డం గీసుకునే అద్దం అది. "చాట పట్టుకొని కూసున్న అక్క దాంట్ల సాఫ్ కనవడ్తది. డ్రైవర్లందరం నవ్వుకుంటం."

"మరి ఎందుకొస్తున్నరు రా నా కాడికి?"

"ఒక్క కూలికి రెండు తలకాయలు పనిచేస్తయ్ అని."

ముందు నవ్వింది అక్కే. నోటికి కొంగు అడ్డం పెట్టుకొనే నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా. బావకు నవ్వు రావడానికి ఇంకొంచెం సేపు పట్టింది. అద్దం వంక చూశాడు. అందులో ఇప్పుడు మేమందరం కనపడుతున్నాం.

"ఇన్నేండ్లు నేనే తెలివైనదాన్ననుకున్న" అంది అక్క.

"ఇగ చెప్పు" అన్నాడు బావ ఆమెతో. "ఊపిరి అందుతలేదంటవ్. ఎక్కడ?"

"అది నాకేం తెలుసు? ఆ దీపం దిక్కున జుర్రుకున్నట్టు ఇనవడ్తుంది. గాలి పోయినట్టు లేదు. పాల గ్లాసు అడుగున మీగడ జుర్రుకుంటరు గదా పిల్లలు, గట్ల."

బావ కళ్ళలో పని మళ్ళీ మొదలవడం నాకు కనపడింది. ఫిల్టర్ డబ్బా మూత క్లిప్పులు విప్పి, మూత పైకి లేపి పక్కకు పెట్టాడు.

"హర్యా, ఇప్పుడు కొట్టు సెల్ఫ్."

మొదటి దెబ్బకే స్టార్టయింది. దగ్గు లేదు. రేస్ ఇస్తే నల్లపొగ కొంచెం వచ్చి పలచబడింది. పక్క మిల్లు కుక్క అదిరిపడి లేచింది.

"మూత తీస్తే గాలి సీదా డబ్బాలకు పోతుంది" అన్నాడు బావ నాతో. "అంటే టర్బో బాగనే ఉంది. డబ్బా కంటె ముందే ఎక్కడనో బంద్ అయింది. ఫిల్టర్ తెల్లగ ఎందుకున్నదో ఇప్పుడు సమజైంది. దుమ్ము గాదు, గాలే దాని దాకా వస్తలేదు! నేను తెల్లగుంది గదా అని మురిసిన."

కారు ముందు భాగానికి ఉన్న జాలీ విప్పాడు. ఎడమ దీపం పక్కన గాలి గుంజుకునే గొట్టం మూతి ఉంటుంది. దాన్ని బయటికి లాగాడు. మూతికి గుడ్డ కట్టి ఉంది. పాత నూలు తువ్వాల ముక్క, చుట్టూ రబ్బరు బ్యాండు. గుడ్డ సగం లోపలికి పీక్కుపోయింది. దాని మీద తవుడు మంచుకు తడిసి, ఎండి, మళ్ళీ తడిసి, రొట్టె మాదిరి గట్టిగా పట్టింది. తవుడులో నూనె ఉంటుంది కదా, ఒకసారి పట్టిందంటే నీళ్ళ చుక్క కూడా దూరదు. బావ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి హర్యా ముందు పట్టుకున్నాడు.

హర్యా నాలుక కరుచుకున్నాడు.

"మా యాడి కట్టింది అన్నా." వాళ్ళ తండాలో అమ్మను అట్లా పిలుస్తారు.

తరువాత మెల్లగా అంతా చెప్పాడు. వాళ్ళ అన్న వరికోత మిషన్ నడుపుతాడు. కోతల కాలంలో గడ్డి దుమ్ము లోపలికి పోకుండా మిషన్ గాలి గొట్టానికి పలచని గుడ్డ చుడతారు. రోజూ సాయంత్రం విప్పి దులుపుతారు. అది ఈ చుట్టుపక్కల అందరూ చేసేదే. హర్యా రోగులను దవాఖానలో దింపి, వాళ్ళు బయటికి వచ్చేదాకా మిల్లు గోడ నీడలో కారు ఆపుకుంటాడు. సాయంత్రానికి కారంతా తవుడే. ఒకరోజు వాళ్ళమ్మ కమ్లి అది చూసి, మిషన్‌కు కట్టినట్టే దీనికీ కట్టాలంది. పెద్ద కొడుకు మిషన్‌కు కట్టిన చెయ్యే గనుక తనే కట్టింది. మిషన్ గొట్టం పైకి కనపడుతుంది, రోజూ విప్పుతారు. కారుది జాలీ వెనక దాక్కొని ఉంటుంది. కట్టిన సంగతి హర్యా మరిచిపోయాడు. ఆమె మాత్రం పొద్దున్నే కొడుకు పోయేటప్పుడు, తాను కట్టిన గుడ్డ బండిని కాపాడుతుందని ధీమాగా ఉండేదట.

"మీ యాడిని ఏమనకు" అంది అక్క వెంటనే. "కొడుకు బండికి ముసుగు కట్టింది. మంచిదే చేసింది."

"మరి ఆ ఆయిల్ ఎట్లొచ్చింది బావా?" అన్నాను నేను.

అది బావ చెప్పవలసిన మాట. అక్క కూడా ఆయన వైపే చూసింది. బావ హుషారుగా చేతులు ఊపుతూ చెప్పాడు. ముందు నుంచి గాలి అందకపోతే టర్బో ఊరుకోదు, ఇంకా గట్టిగా గుంజుతుంది. గాలి దొరకక లోపల పక్కనే ఉన్న ఆయిల్‌ను సందుల్లోంచి లాక్కుంటుంది. సీలు పోయినట్టే కనపడుతుంది గాని పోలేదు. పైపు విప్పి, చక్రం ఇరుసును వేళ్ళతో పట్టి ముందుకు వెనక్కి లాగి చూశాడు. ఊగడం లేదు. రెక్కలు చిప్పకు రాసుకున్న గీత కూడా లేదు. మా బావ అప్పుడు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

పైపుల్లో మిగిలిన ఆయిల్ పూర్తిగా తుడిచి, ఆరబెట్టాకే బిగించాడు. ఆ ఆయిల్ ఇంజన్లోకి పోతే బండి తనంతట తాను పరుగెడుతుంది, ఆపితే ఆగదు అని హర్యాకు పదేపదే చెప్పాడు. తరువాత మేమందరం కారెక్కాం. హర్యా నడిపాడు. అక్క ముందు సీట్లో కూర్చుంది. సాగర్ కాలువ వంతెన మీదికి కారు ఒక్క ఊపున ఎక్కింది. నీళ్ళు రెండు గట్లూ ఒరుసుకుంటూ పోతున్నాయి. అక్క అద్దం దించి చెవి బయటికి పెట్టింది. ఏమైంది అని బావ వెనక నుంచి భుజం తట్టి అడిగాడు. ఆమె తిరగకుండానే చెయ్యి లేపి, అరచెయ్యిని పైకి చాచి గాలిలో తేలించింది. మిల్లులో ఆ సైగకు జల్లెడ ఖాళీగా, సాఫీగా ఆడుతోందని అర్థమట.

తెల్లవారి హర్యా కారు పేషెంట్లతో షెడ్డు ముందు నుంచి హారన్ కొట్టుకుంటూ పోయింది. సూర్యాపేట దుకాణంవాడు టర్బో వెనక్కి తీసుకుంటూ, "సారూ, సూడనీకి కిరాయికి తీస్కపోయిండ్రా?" అన్నాడు. అట్లా అన్నా, తీసుకున్నాడు.

బావ వాడపల్లి పోలేదు. చిన్నాన్న కొడుకుకు ఫోన్ చేసి రావట్లేదని చెప్పింది అక్కే. చాట ఇంట్లోకి పోయింది. అక్క స్టూలు బానెట్ పక్కకు వచ్చింది. అన్నిటికంటే పెద్ద మార్పు ఇంకొకటి. అక్క డ్రైవర్లకు కొత్త పద్ధతి పెట్టింది. బండి తెచ్చి, "చప్పుడొస్తుంది సూడక్కా" అంటే ఊరుకునేది కాదు.

"ఏం చప్పుడు?"

"అదే, ఏదో చప్పుడు."

"ఏదో అంటే నాకెట్ల తెలుస్తది? బండి నడిపేది నువ్వు. నీ ఇంట్ల, నీ ఊళ్ళె ఉన్న దేని చప్పుడు లెక్కనుందో చెప్పు. అప్పుడు ముట్టుకుంటడు మా ఆయన."

మొదట్లో డ్రైవర్లు సిగ్గుపడ్డారు. తరువాత పోటీలు పడ్డారు. గాజులు వేసుకున్న చేతితో బట్టలు పిండినట్టు అని ఒకడంటే, బావ పైన వాల్వుల దగ్గరికి పోయేవాడు. ముసలామె మెట్లెక్కినట్టు అంటే బ్యాటరీ చూసేవాడు. కుక్కర్ ఈలకు ముందు గుసగుస అంటే గాలి పైపుకు చీలిక. వాళ్ళ మాటను అక్క తాను విని సరిచూసి, చేతులతో బావకు చెప్పేది. పోనుపోను బావ అరచెయ్యి పైపు మీద పెట్టి, ఆ మాటకు చేతికింద ఏం తగులుతోందో పట్టుకునేవాడు. ఫలానా మాటకు ఫలానా అదురు అని ఆయనకు ఒక లెక్క కుదిరింది.

నేను పిల్లలకు ఉపమాలంకారం చెప్పి చెప్పి విసిగినవాణ్ణి. సెలవులకు ఆ షెడ్డులో కూర్చుంటే నాకు బతుకు మీద మళ్ళీ ఆశ పుట్టేది. ఒకసారి, డ్రైవర్లు చెప్పే పోలికల్లో తప్పులున్నాయని నేనంటే, అక్క చురుక్కున చూసింది. "కోదాడ పోయినంక నీ మాటే సగం ఆంధ్రయింది. నువ్వు వాళ్ళకు తెలుగు నేర్పుతవా? బండి బాగయిందా లేదా? బాగయితే మాట మంచిదే."

పోయిన వానకాలంలో అక్క పోయింది. పక్షవాతం. సాయంత్రం బాగానే ఉండి, తెల్లవారేసరికి చేతులు లేపలేకపోయింది. నోట మాట లేదు, చేతి మాటా లేదు. రెండూ లేని అక్కను చూడటం మా ఇద్దరివల్లా కాలేదు. ఎక్కువ రోజులు బాధపడకుండా తీసుకున్నందుకు దేవునికి వందనం అని మా పాస్టరు గారు అన్నప్పుడు, ఎప్పుడూ ఆ మాట ఒప్పుకోని నేను కూడా ఒప్పుకున్నాను. హర్యా వాళ్ళమ్మ కమ్లి వచ్చి, వాళ్ళ పద్ధతిలో బావ మెడ చుట్టూ చేతులు వేసి పాడుతూ ఏడ్చింది. చర్చివాళ్ళు కాసేపు తెల్లబోయి, తరువాత వాళ్ళూ ఏడ్చారు.

ఇక షెడ్డు ఉండదనే అందరం అనుకున్నాం. నేను బావను కోదాడ వచ్చి మా దగ్గర ఉండమన్నాను. ముందు ప్రార్థన కూడికలు కానివ్వమన్నాడు. కూడికలన్నీ అయిపోయిన తరువాత మాట తేల్చుకుందామని నేను మళ్ళీ మిర్యాలగూడ పోయాను. షెడ్డు తెరిచే ఉంది. ఆయన స్టూలు మీద ఒక్కడే ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చొని, పెదవులు కనపడేలా నిదానంగా అడిగాను.

"బావా, పోదామా?"

ఆయన జవాబు చెప్పేలోగా ఒక టిప్పర్ వచ్చి ఆగింది. డ్రైవర్ కుర్రవాడు కాడు, నెరిసిన మీసం. మాట చూస్తే మా కోదాడ అవతలి మనిషి. దిగివచ్చి, బావ ఎదుటికి వచ్చి నిలబడ్డాడు, పక్కకు కాదు, వెనక్కి కాదు.

"లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు, తడి దుప్పటి ఇద్దరు పట్టుకొని దులిపినట్టు చప్పుడొస్తందండి. గేరు మారిస్తే ఆగిపోద్ది."

బావ ఆయన ముఖంలోకి చూస్తూ, "మళ్ళొకసారి చెప్పు" అన్నాడు. డ్రైవర్ మళ్ళీ చెప్పాడు. ఈసారి రెండు చేతులతో దుప్పటి దులిపి కూడా చూపించాడు.

"అట్లా చెప్పాలని మీకు ఎవరు చెప్పారు?" అని నేను అడిగాను.

"హాలియాలో డ్రైవర్లండి. ఇక్కడికొస్తే చప్పుడు దేన్లా ఉందో చెప్పాలంటగా, చెప్పకపోతే ఈయన బండి ముట్టుకోడంటగా. దారంతా అదే ఆలోచించుకుంటా వచ్చానండి. ముందు చాట అనుకున్నా. చాట కాదు, దుప్పటే." ఆయనకు మా అక్క ఎవరో తెలియదు. చూడనే లేదు.

బావ నా వైపు తిరిగి, నేను అడిగినదానికి అరచెయ్యి అడ్డంగా ఊపాడు. లేచి టిప్పర్ దగ్గరికి పోయి, "స్టార్ట్ చెయ్యి" అన్నాడు.